మూడోసారి అడిగేదాకా

అమెరికాలో నార్త్ డకోటా మూలనున్న టోర్‌విక్‌లో ఎవరింటికి వెళ్ళినా ముందు కాఫీ వద్దనాలి. "అబ్బే, ఇప్పుడే తాగొచ్చాం" అనాలి. ఇంటావిడ రెండోసారి అడుగుతుంది. "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి అడిగాక, ఆమె బలవంతం కాదనలేక ఒప్పుకున్నట్టు మొహం పెట్టి, "సరే, సగం కప్పు చాలు" అనాలి. ఆమె నిండా పోస్తుంది. ఇద్దరికీ తృప్తి. పళ్ళెంలో మిగిలిన ఆఖరి కేకు ముక్క సంగతి ఇంకా కష్టం. దాన్ని తీసుకున్నవాడు లేడు. ఒకరు వచ్చి సగం కోసుకుంటారు, తరవాతివాళ్ళు ఆ సగంలో సగం. చివరికి పిచ్చుక తిని పోయేంత పొడి మిగులుతుంది, దాన్ని కూడా కడిగే ఆవిడే పారేయాలి.

ఆ కడిగే ఆవిడ చాలా ఏళ్ళపాటు ఆర్డిస్ టోలెఫ్‌సన్. లూథరన్ చర్చి కింద నేలమాళిగలో ఉన్న వంటగది ఆమె రాజ్యం. కాఫీపొడిలో పచ్చిగుడ్డు కొట్టి, పెంకుతో సహా కలిపి, పెద్ద డేగిశాలో కాచేది. ఊళ్ళో ఎవరు పోయినా, పాతిపెట్టి వచ్చినవాళ్ళు ఆ కాఫీ తాగాకే ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. ఒకసారి కాలిఫోర్నియా నుంచి కొత్త పాస్టరు వచ్చాడు. మొదటి ఆదివారమే, "ఇంకో ముక్క తీసుకోండి" అని ఆర్డిస్ అనడం ఆలస్యం, "థాంక్స్" అంటూ ఆఖరి ముక్క లాగేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అందరూ ఖాళీ పళ్ళెం వంక చూశారు. "పాపం, తల్లి లేకుండా పెరిగాడేమో" అంది ఆర్డిస్ ఇంటికెళ్ళేటప్పుడు. ఆ మాట అన్నందుకు రాత్రంతా బాధపడింది కూడా.

ఆమె పెళ్ళి కూడా ఈ పద్ధతిలోనే జరిగింది. వెర్లిన్ టోలెఫ్‌సన్ చక్కెర దుంపల రైతు కొడుకు, మాట తక్కువ మనిషి. ఓ మార్చి నెలలో ఆర్డిస్ వాళ్ళింటి వంటగదిలో కూర్చుని కాఫీ కప్పులోకి చూస్తూ, "మనం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు. "నాకంటే మంచివాళ్ళు బోలెడుమంది ఉన్నారుగా" అంది ఆర్డిస్. అతను కప్పు ఖాళీ చేసి ఇంకో కప్పు పోయించుకుని మళ్ళీ అడిగాడు. "మీ అమ్మకి నచ్చుతానో లేదో" అంది. ఇక లేచి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, లేసులు కడుతూ, తల ఎత్తకుండా, "మరి?" అన్నాడు.

"సరే, అయితే" అంది.

"బూట్లు ఇంకాస్త చురుగ్గా తొడుక్కుని ఉంటే తప్పించుకునేవాడు" అని తరవాత అందరితో చెప్పేది. వెర్లిన్ నవ్వేవాడు. "ముడి పడిన లేసు. ఏం చెయ్యను?"

నలభై ఆరేళ్ళ కాపురం. పిల్లలు లేరు. దుంపల కోతలో అతను యంత్రం నడిపితే ఆమె లారీ తోలేది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం ఎవరూ వినలేదు. "ఎలా ఉన్నారు?" అని ఎవరడిగినా ఇద్దరిదీ ఒకటే జవాబు: "అంత చెడ్డగా ఏం లేదు." పంట వడగళ్ళకి పోయిన ఏడు కూడా అదే జవాబు. బంగారంలా పండిన ఏడు కూడా అదే.

కరోనా వచ్చిన ఏడాది వేసవి అంతా నార్త్ డకోటాలో ఈ మూలకి అదొక పేపరు వార్త మాత్రమే. శరత్కాలంలో ఊళ్ళోకి వచ్చింది. అప్పుడు ఊళ్ళో రెండు రకాల మనుషులు తయారయ్యారు, ఇద్దరూ ఒకే కెఫేలో ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. పొద్దున్నే వచ్చి, తోలు గిన్నెలో పాచికలు గిలకొట్టి, ఓడినవాడు బల్ల చుట్టూ ఉన్న అందరికీ కాఫీ ఇప్పించడం అక్కడి ఆనవాయితీ. ఆ బల్ల దగ్గర పెద్ద గొంతు గేలన్ రుస్టాడ్‌ది. వెర్లిన్‌కి పెద్దమ్మ కొడుకు, చిన్నప్పటి నుంచీ జట్టు.

"ఆస్పత్రి నిండిపోయిందట" అన్నారెవరో.

"పేపరుకేం, రాస్తుంది" అన్నాడు గేలన్ పాచికలు గిలకొడుతూ. "నిన్న మధ్యాహ్నం అటుగానే వచ్చాను. ముందు ఒక్క పికప్ బండి లేదు. ఖాళీ! ఈ కెఫే ముందే అంతకంటే ఎక్కువ బళ్ళున్నాయి."

"చూడ్డానికొచ్చేవాళ్ళని లోపలికి రానివ్వట్లేదురా" అన్నాడు వెర్లిన్. "జబ్బుపడ్డవాడు బండి తోలుకుంటూ వచ్చి పడుకుంటాడా?"

"మా నాన్న అట్లాగే వచ్చాడు. గుండెపోటుతో. గేర్లు కూడా తనే మార్చుకుంటూ వచ్చాడు."

"వచ్చి?"

"పోయాడనుకో. కానీ బండి బయటే ఉంది కదా!"

బల్లంతా నవ్వు. వెర్లిన్ కూడా నవ్వాడు. కానీ మర్నాడు మళ్ళీ అదే తగువు. మాస్కు దగ్గర మొదలయ్యేది. "నా ఊపిరి, నా ఇష్టం" అనేవాడు గేలన్. "నీ ఊపిరి నీ దగ్గరే ఉంచుకుంటే ఎవడికి బాధ? నా కాఫీలోకి వదుల్తున్నావు" అనేవాడు వెర్లిన్. కాఫీ వేసే పిల్ల ఇద్దరినీ కసిరేది.

తగువు పెరిగి పెరిగి బడి ఆటల హాల్లో సభ దాకా వచ్చింది. మాస్కు తప్పనిసరి చెయ్యాలా వద్దా అన్నది పైకి చెప్పిన విషయం. అసలు మాట ఆస్పత్రి గురించే. మంచాలు నిజంగా లేవా? లేకపోతే పెద్ద ఊళ్ళవాళ్ళు మనల్ని భయపెడుతున్నారా? ఊళ్ళోని డాక్టరమ్మ లేచి, మంచాలు కొనుక్కోవచ్చు గానీ మంచం పక్కన నిలబడే మనుషులు దొరకడం లేదనీ, బాగా ముదిరినవాళ్ళని ఇక్కడ చూడలేమనీ, పెద్ద ఆస్పత్రులకి పంపాలంటే అక్కడా చోటు లేదనీ చెప్పింది. వెనక వరసల్లోంచి ఎవరో వెటకారంగా దగ్గారు. కేకలు లేచాయి.

అప్పుడు వెర్లిన్ లేచాడు. సభలో అతను లేవడం ఆర్డిస్ ఎన్నడూ చూడలేదు. టోపీ చేతిలో పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు.

"నాకు లెక్కలు తెలీవు. చోటు తక్కువైనప్పుడు ఆగగలిగినవాడు ఆగాలి, అంతే తెలుసు. నేను డెబ్భై దాటినవాణ్ణి. నాకంటే ముందు చంటిపిల్లలున్నవాళ్ళు. దీనికి ఇంత కొట్టుకోవాలా?"

కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు. మాస్కు కావాలన్నవాళ్ళూ కొట్టారు, వద్దన్నవాళ్ళూ కొట్టారు. ఎవరికివాళ్ళు అతను తమవాడే అనుకున్నారు.

కారులో ఆర్డిస్ అంది: "ఆ మాటలన్నీ అవసరమా?"

"ఏ మాటలు?"

"నాకంటే ముందు వాళ్ళూ వీళ్ళూ అని."

"అంటే ఏమైందిప్పుడు? నాకేం జబ్బా?"

నవంబరు మొదట్లో జ్వరం వచ్చింది. ఎక్కడ అంటుకుందో తెలీదు. వెర్లిన్ వరండాలోని పాత సోఫాలో పడుకుని, ఆర్డిస్‌ని దగ్గరికి రావద్దన్నాడు. ఎలా ఉందని గుమ్మంలోంచి అడిగితే, "అంత చెడ్డగా ఏం లేదు." తినడం మానేశాడు. అదే జవాబు. ఒకరోజు పొద్దున ఆ జవాబు చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఆర్డిస్ ఇంకేం అడగలేదు. కోటు తెచ్చి అతని మీద పడేసి, కారు తీసింది.

ఆస్పత్రి తలుపు దగ్గర తెల్ల గౌనులో ఒకామె చక్రాల కుర్చీతో నిలబడి ఉంది. ఇక్కడి మనిషి కాదు. నర్సులు చాలక దూరాల నుంచి పిలిపించినవాళ్ళలో ఒకామె. టెక్సస్ దక్షిణం నుంచి వచ్చిందట, పేరు యోలండా. "ఇక్కడిదాకానే అమ్మా" అంది. అంతే. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషిని గడప మీద అప్పగించి, చేతిలో అతని టోపీతో ఆర్డిస్ కారు దగ్గరికి నడిచింది. వీడుకోలు చెప్పుకోవడం కూడా కుదరలేదు. అతను కుర్చీలోంచి, "వెనక చక్రంలో గాలి చూసుకో" అన్నాడు.

అదృష్టం ఒకటే, ఆ ఆస్పత్రికి అంతస్తులు లేవు. వెర్లిన్ గది కిటికీ ఎండిపోయిన పొదల వెనక ఉంది. రోజూ పొద్దున్నే ఆర్డిస్ ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుని, మంచులో నడిచి వెళ్ళి, గాజుకి అవతల నిలబడేది. ఫోనులో మాట్లాడేది. ముక్కులో గొట్టాలు పోయి మొహమంతా కప్పే మాస్కు వచ్చాక అతని మాటలు తగ్గాయి. ఆమే ఏదో ఒకటి చెప్పేది. గేలన్ వచ్చి వెనక చక్రం చూశాడని. చర్చి మూసేశారని. డేగిశా బోర్లించి పెట్టానని.

ఒకరోజు పదింటివేళ ఆమె ఇంకా పొదల దగ్గర ఉండగానే ఫోను మోగింది. యోలండా.

"అమ్మా, మంచి మాట. ఫార్గో పెద్దాస్పత్రి ఐసీయూలో ఒక మంచం ఖాళీ అవుతోంది. వాళ్ళు లైన్లో ఉన్నారు. పంపడమే మంచిదని డాక్టరమ్మ అన్నారు. ఇంకా ముదిరితే ఇక్కడ మా చేతుల్లో ఏమీ ఉండదు. ఆయన్ని అడిగి సంతకం తీసుకుంటాను."

ఆర్డిస్ గాజు దగ్గరికి పరుగెత్తింది. లోపల యోలండా మంచం మీదికి వంగి మాట్లాడుతోంది. మాటలు వినపడవు. వెర్లిన్ కుడిచెయ్యి దుప్పటి మీంచి లేచింది. అరచెయ్యి కిందికి తిప్పి, లేని కప్పు మీద మూతపెట్టినట్టు పట్టుకున్నాడు.

ఆ చెయ్యి ఆర్డిస్‌కి తెలుసు. వేల కాఫీల మీద చూసింది. వద్దులెండి, మీకెందుకు శ్రమ అనే చెయ్యి అది. ఆఖరి ముక్క ముందు అడ్డం పెట్టే చెయ్యి. అది చూశాక డేగిశా కింద పెట్టేసే ఆడమనిషి టోర్‌విక్‌లో లేదు.

యోలండా ఇంకేదో అడిగింది. ఆ చెయ్యి మళ్ళీ లేచింది. యోలండా అతని భుజం మీద తట్టింది, మెల్లగా, గౌరవంగా. వెనక్కి తిరిగింది.

ఆర్డిస్ రెండు పిడికిళ్ళతో గాజు బాదింది. "సరేనను! వెళ్తానని చెప్పు వెర్లిన్!" అని అరిచింది. జీవితంలో అంత గట్టిగా అరవలేదు. తల ఊపింది, చేతులు ఊపింది, తలుపు వైపు వేలు చూపించింది. వెర్లిన్ మొహం కిటికీ వైపు తిరిగింది. కాసేపు చూశాడు. దుప్పటి మీది చెయ్యి కాస్త ఎత్తి దించాడు. ఊరుకోవే, గొడవ చెయ్యకు అన్నట్టు తోచింది ఆమెకి.

ఫోను చేస్తే ఎవరూ తియ్యలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ. చివరికి యోలండా పలికింది.

"ఆయన వద్దన్నారమ్మా."

"అది వద్దనడం కాదు!"

"అంటే?"

"మళ్ళీ అడగాలి."

"అడిగానమ్మా. నిజంగా వద్దా, బాగా ఆలోచించుకోండి అన్నాను. ఇక్కడే బాగున్నాను, పిల్లలున్నవాళ్ళెవరికైనా ఇవ్వండి అన్నారు. తెలివిగానే ఉన్నారు, స్పష్టంగానే చెప్పారు."

"రెండుసార్లేనా అడిగింది?"



"అమ్మా" అంది యోలండా, "మా వైపు ఒక పెద్దాయన రెండుసార్లు వద్దన్నాక మూడోసారి అడిగితే ఆయన మాట మీద మనకి లెక్కలేనట్టు. ఆయన్ని అవమానించినట్టు."

ఆ అమ్మాయి మర్యాద తప్పలేదు. వెర్లిన్ మర్యాద తప్పలేదు. ఇద్దరూ ఇంత మర్యాదగా ఉండి చేజార్చింది మంచాన్ని.

"ఇప్పుడు వాళ్ళకి చెప్పు. వస్తాడని చెప్పు."

యోలండా పరుగెత్తడం గాజులోంచి కనిపించింది. తిరిగి వచ్చినప్పుడు నడిచి వచ్చింది. దాంతోనే తెలిసిపోయింది. ఫోను పెట్టీపెట్టకముందే ఆ మంచం వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. మంచం కోసం ఇంకా చాలామంది వరసలో ఉన్నారట. వెర్లిన్ పేరు మళ్ళీ చివర రాయించింది.

"ఫోను ఆయన చెవి దగ్గర పెట్టు" అంది ఆర్డిస్.

మాస్కులోంచి గాలి హోరు వినిపించింది.

"వెర్లిన్. ఇంకో మంచం ఖాళీ అయితే వెళ్తావా?"

హోరు. "ఎవరికీ... ఇబ్బంది లేకపోతే."

"అది జవాబు కాదు. నేనడుగుతున్నాను. ఇది మూడోసారి."

చాలాసేపు హోరే. గాజు మీద ఆమె ఊపిరి ఆవిరి కట్టి అతని మొహం మసకబారింది. చేత్తో తుడిచింది.

"సరే, అయితే" అన్నాడు.

ఒప్పుకున్నాక అతను ప్రయాణానికి తయారైపోయాడు. గడ్డం గీయమని యోలండాని అడిగాడట. మాస్కు పక్కకి జరుపుతూ, మళ్ళీ పెడుతూ, ఎలాగో సగం సగం గీసిందట. చర్చికి వేసుకునే నీలం చొక్కా తెమ్మని ఆర్డిస్‌కి చెప్పించాడు. ఆమె సంచి సర్దింది. అంబులెన్సు విమానం వస్తే ఆస్పత్రి తలుపు నుంచి బండి దాకా స్ట్రెచర్ మీద తీసుకెళ్తారు. ఆ పది పన్నెండు అడుగుల మేర అతన్ని ముట్టుకోవచ్చు. యోలండా అలాగని మాటిచ్చింది. అందుకని ఆర్డిస్ కారుని ఆస్పత్రి తలుపుకి ఎదురుగా పెట్టుకుని, ఇంజను ఆపకుండా కూర్చుంది. ఆ రోజు సాయంత్రందాకా. మర్నాడు పొద్దున్నే మళ్ళీ.

మర్నాడు గేలన్ వచ్చాడు. తన పికప్‌ని ఆమె కారు పక్కన ఆపి, అద్దం దించాడు. మెడలో వేలాడుతున్న మాస్కు పైకి లాక్కుని, ఫ్లాస్కు చూపించాడు.

"కాఫీ?"

"అబ్బే, వద్దు."

"ఇట్లా తే, కారులో ఉన్న ఆ కప్పు" అన్నాడు.

ఒడిలో ఒక చిత్తు కాగితం పెట్టుకుని ఫోనులో నంబర్లు నొక్కడం మొదలెట్టాడు. ఫార్గో, బిస్మార్క్, మినియాపొలిస్, ఇంకా ఎక్కడెక్కడివో. ఆస్పత్రి ఖాళీగా ఉందని బల్ల గుద్ది చెప్పిన గొంతుతోనే, "ఒక్క మంచం అండీ. మనిషి చాలా మంచివాడు" అని అందరికీ చెప్పాడు. మనిషి మంచివాడైతే ఇచ్చే మంచాలు ఎక్కడా లేవు. మధ్యాహ్నానికి ఆ గొంతు బొంగురుపోయింది.

"ఆ హాల్లో నేనూ చప్పట్లు కొట్టాను ఆర్డిస్. వాడు ఆ మాట అన్నప్పుడు."

"అందరూ కొట్టారు."

"వాడు నిజంగా అన్నాడంటావా?"

ఆర్డిస్ వైపర్లు వేసింది. మంచు పక్కకి పోయి తలుపు కనిపించింది. "నిజంగానే అన్నాడు" అంది. ఆ తలుపు వైపే చూస్తూ, "ఇంకోసారి అడిగితే వెళ్ళేవాడు కూడా. రెండూ నిజమే."

గాలి పెరిగింది. మంచు అడ్డంగా కొట్టడం మొదలైంది. ఇంత గాలిలో మంచం దొరికినా విమానం దిగదని గేలన్‌కి తెలుసు, ఆమెకీ తెలుసు. బళ్ళు రెండూ పక్కపక్కన గుర్రుమంటూ నిలబడ్డాయి.

మూడింటప్పుడు తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ లేదు. యోలండా ఒక్కతే, కోటు కూడా లేకుండా, చేతులు చంకల్లో పెట్టుకుని మంచులో నడిచి వచ్చింది. ఆర్డిస్ అద్దం దించింది.

"అమ్మా, లోపలికి రండి."

"నన్ను రానిస్తారా?"

"ఇప్పుడు రానిస్తారు."

ఎప్పుడు రానిస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆర్డిస్ ఇంజను ఆపింది. వెనక సీటులో సంచి ఉంది. తీసుకెళ్ళాలా వద్దా అని దాని వంక చూస్తూ ఉండిపోతే, గేలన్ దిగి వచ్చి సంచి ఆమె చేతికిచ్చి, కారు తలుపు వేశాడు. టోపీ తీసి మంచులో నిలబడ్డాడు.

లోపల ఆమెకి గౌను తొడిగారు, చేతులకి తొడుగులు వేశారు, మొహానికి మాస్కు పెట్టారు. గది ఆమె అనుకున్నదానికంటే చిన్నది. వెర్లిన్ కళ్ళు మూసి ఉన్నాయి. దవడ ఒకవైపు నున్నగా ఉంది, రెండోవైపు తెల్లటి గడ్డం కాస్త మిగిలిపోయింది. యంత్రం పెద్దగా హోరెత్తుతోంది. ఆమె నీలం చొక్కా తీసి అతని గుండెల మీద పరిచింది. వేసుకోవడం కుదరదు కనుక.

"వినపడుతుందా?"

"పడుతుందనే అనుకుని మాట్లాడండి" అంది యోలండా.

మంచం పక్క చిన్న బల్ల మీద ప్లాస్టిక్ సంచీ ఉంది, పైన అతని పేరు. అందులో మడిచిన కళ్ళజోడు. ఆర్డిస్ దాన్ని పైకెత్తి చూసింది.

"ఇది పెట్టలేదా?"

"ఆ పెద్ద మాస్కు పెట్టాక కుదరదమ్మా. గాలి పోతుంది. అది పెట్టిన రోజే తీసేశాం."

ఆర్డిస్ కిటికీ వైపు చూసింది. అవతల పొదలు, తొక్కి తొక్కి గట్టిపడ్డ మంచు. అక్కడి నుంచి ఇక్కడికి ఎంతో దూరం లేదు. కానీ కళ్ళజోడు లేకపోతే వెర్లిన్‌కి చేతికందేంత దూరం దాటితే మనిషికీ చెట్టుకీ తేడా తెలీదు. నలభై ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే మంచం పక్కన తడుముకుంటూ ఉంటే, ఆ కళ్ళజోడు వెతికి ఇచ్చింది ఆమే. ఆమె తల ఊపిందీ, చేతులు ఊపిందీ, సరేనని చెప్పమని గాజు బాదిందీ, అతనికి ఏదీ కనిపించి ఉండదు. కిటికీలో ఏదో ఎర్రగా కదిలింది. దానికి చెయ్యెత్తాడు.

యోలండా కుర్చీ తెచ్చి గోడవార వేసింది. ఆర్డిస్ ఆ కుర్చీని మంచం దాకా లాగింది. అంచుకి ఆనించి కూర్చుంది. ముందుకి వంగి, మొహం అతని మొహానికి దగ్గరగా, కళ్ళు తెరిస్తే కళ్ళజోడు లేకుండానే కనిపించేంత దగ్గరగా పెట్టింది. చేతి తొడుగులోంచి అతని వేళ్ళు పట్టుకుంది.

"నేనే" అంది. "వెర్లిన్, నేను ఆర్డిస్‌ని."

యంత్రం హోరులో ఆ మాట వినపడిందో లేదో అని మళ్ళీ అంది. చీకటిపడేదాకా అంటూనే ఉంది.